గోడకెక్కిన పులిజూదం

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. నేను ఉద్యోగం మానేశాక, ప్రొద్దుటూరులోని ఆ బండల షాపులో నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి. సివిల్ చదువు పూర్తి కాగానే చేరింది. ఎవరో ఇంటి ముందు గోడకు రాతి పలకలు అతికించుకుంటున్నారట. "అక్కా, గమ్ము చెప్పాల్నా, సిమెంటు చెప్పాల్నా?" అని అడిగింది. గోడ ఏ దిక్కుకు ఉంది, రాయి ఎంత మందం, రాయి వీపు నునుపా గరుకా అని నాలుగు మాటలు అడిగాను. ఇంతలో పాప లేచి ఏడుపు అందుకుంది. "గమ్మే చెప్పు" అని పెట్టేశాను.

చెప్పింది తప్పు కాదు. ఇప్పటికీ ఎవరు అడిగినా అదే చెబుతాను. కానీ ఫోన్ పెట్టాక మనసు కుదుటపడలేదు. ఇంటివాళ్ళను ఆ అమ్మాయి అడగాల్సిన మాట ఇంకొకటి ఉంది, అది నేను చెప్పలేదు. చెప్పాలంటే ఒక ఇంటి కథ మొత్తం చెప్పాలి. పాప పడుకుంది. మళ్ళీ లేచేలోగా రాస్తున్నాను. ఆ అమ్మాయితో పాటు, ఈ పనిలోకి కొత్తగా వచ్చే మీ అందరి కోసమూ.

మా షాపులో ముందు వైపు నాపబండలు, పైన టైల్స్, వెనక రేకుల షెడ్డులో సిమెంటు, గమ్ము బస్తాలు ఉండేవి. గమ్ము అన్నది గోడలు కట్టే బేల్దారులు పెట్టిన పేరు. సంచి మీద అడ్హెసివ్ అని రాసి ఉంటుంది. బూడిదరంగు పొడి, నీళ్ళతో కలిపితే ముద్దవుతుంది. చూడ్డానికి అచ్చం సిమెంటులాగే ఉంటుంది కాబట్టి ఎవరూ దాన్ని నమ్మరు. దాన్ని నమ్మించడమే నా ఉద్యోగం. సైటుకు పోయి గోడ చూసి, ఏది వాడాలో చెప్పి, అతికించేటప్పుడు దగ్గరుండి చూసుకోవాలి.

మా ఓనరు వాళ్ళది తరాల బట్టల వ్యాపారం. ఈయన ఒక్కడే బండల్లోకి దిగాడు. చిన్నప్పటి నుంచి చీరలు అమ్మడం చూసిన చెయ్యి కదా, నాపబండను కూడా మడత విప్పుతున్నట్టే చూపించేవాడు. కస్టమర్ల ముందు నన్ను మేడం అనేవాడు, వాళ్ళు మెట్లు దిగగానే ఏమ్మా అనేవాడు. ఆడపిల్ల సైటుకు పోతే బేల్దారులు మాట వింటారా అని ఆయనకు మొదట్లో అనుమానం. ప్రొద్దుటూరులో ఒక పెద్ద అంగడి ముందు గోడకున్న రాళ్ళు ఎండాకాలం మధ్యాహ్నం పూట వాటంతట అవే ఊడి పడ్డాక ఆ అనుమానం పోయింది. అది సిమెంటు పని. పడమటి గోడ. రంపంతో కోసిన రాయికి వీపు అద్దంలా ఉంటుంది, సిమెంటు దాన్ని గట్టిగా పట్టుకోదు. పైన మా ఎండ, రాత్రికి చల్లబడడం, మళ్ళీ ఎండ. నేను పోయి మిగిలిన రాళ్ళను రూపాయి బిళ్ళతో తట్టి, ఎక్కడ డొల్లగా మోగుతుందో అక్కడ సుద్దతో గుర్తు పెట్టాను. గుర్తు పెట్టినవి చేత్తో లాగితే వచ్చాయి. ఆ రోజు నుంచి నా మాటకు బరువు పెరిగింది. రాయి ఊడటమంటే నాకు పగ అయిపోయింది. ఏ గోడ చూసినా నా ఆలోచన ఒకటే, ఇది ఊడుతుందా ఊడదా.

జమ్మలమడుగు మేస్త్రీ ఒకాయన మా షాపు పనులు ఎక్కువగా చేసేవాడు. నేను మామా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను ఇంజినీరమ్మా అనేవాడు. తెల్లటి గడ్డం, టోపీ, మోకాళ్ళ దాకా మడిచిన లుంగీ. గమ్ము మాటెత్తితే చాలు, ఆయనకు నవ్వు. "గమ్ముతో కవర్లు అతికిస్తారు ఇంజినీరమ్మా, ఇండ్లు గాదు" అనేవాడు. నేను కూడా ఊరుకునేదాన్ని కాదు. అంగడి గోడ రాళ్ళు అతికించింది మీవాళ్ళే కదా మామా అంటే, "మావోళ్ళే గానీ నేను గాదు" అని తాపీ తుడుచుకునేవాడు. ఆయన పని పాత పద్ధతి. రాళ్ళను ముందు రోజే డ్రమ్ములో నానేసేవాడు. వీపు మీద సిమెంటు పాలు పోసి, గోడకు బొటనవేలు మందాన సిమెంటు మాలు కొట్టి, చెక్కతో తట్టి కూర్చోబెట్టేవాడు. చూడటానికి ఎంతో అందంగా ఉండేది, నిజం చెప్పాలంటే.

అలాంటి రోజుల్లో ఒక తల్లీ కొడుకూ షాపుకు వచ్చారు. ఆమెకు అరవై దాటలేదు గానీ, నడుస్తున్నప్పుడు ఒక చెయ్యి నడుము మీద ఉండేది. వాళ్ళది కొండాపురం వైపు ఊరు. గండికోట రిజర్వాయరు నీళ్ళలో మునిగిన ఊళ్ళలో ఒకటి. జమ్మలమడుగు పక్కన స్థలం తీసుకుని ఇల్లు కట్టుకుంటున్నారు. భర్త ఇల్లు సగంలో ఉండగానే పోయాడు.

కొత్త బండలు కొనడానికి రాలేదు వాళ్ళు. బండలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఊరు ఖాళీ చేసేటప్పుడు అందరూ తలుపులు, ద్వారబంధాలు, దూలాలు ఊడదీసి ట్రాక్టర్లలో వేసుకున్నారట. వీళ్ళు వాటితో పాటు ముందు అరుగు మీద పరిచిన నాపబండలను కూడా తీసుకొచ్చారు. కొత్త ఇంటికి అరుగు లేదు. ముందు కారు పెట్టుకోవాలని కొడుకు అరుగు వద్దన్నాడు. ఆ బండలను జమ్మలమడుగులో ఫ్యాక్టరీకి తీసుకుపోయి వేలు మందాన పలకలుగా కోయించి, ముందు గోడకు అతికించాలని అతని ఆలోచన. ఎలా అతికిస్తే నిలుస్తాయో చెప్పమని అడిగాడు.

అప్పుడు ఆమె ఒక మాట చెప్పింది. ఆ బండల్లో ఒకదాని మీద పులిజూదం గీతలున్నాయి. పెళ్ళయిన కొత్తలో భర్త ఉలి పట్టుకుని అరుగు మీద కూర్చుని చెక్కాడట. కోసేటప్పుడు ఆ ముఖానికి దెబ్బ తగలకూడదు, అంతే తనకు కావాల్సింది.

పులిజూదం తెలియనివాళ్ళు మీలో ఉండొచ్చు. కొండలాంటి ముక్కోణం, దానికి అడ్డంగా గీతలు. మూడు రాళ్ళు పులులు, చింతగింజలు మేకలు. పులి మేకను దూకి చంపుతుంది, మేకలు పులులను కదలకుండా కట్టేయాలి. ఆయన ఎప్పుడూ పులులు తీసుకునేవాడట, ఆమె మేకలు. పొద్దున చేనికి పోయేముందు ఒక ఆట, సాయంత్రం ఒక ఆట. ఎవరు ఎక్కువ గెలిచేవారు అని అడిగాను.

"ఆయప్పకు దూకేది తప్ప ఏమీ తెల్దు," అంది. "నేనే కట్టేస్తాంటి."

ఓనరు నవ్వి, గోడకు నిలబెడితే ఇంక మేకలు యాడ నిలుస్తాయి పెద్దమ్మా అన్నాడు. "ఆడేదానికి ఎవురుండారు నాయనా. కనపడితే సాలు," అంది ఆమె.

ఇక గమ్మా, సిమెంటా అన్న దగ్గర పేచీ వచ్చింది. మేస్త్రీది కూడా జమ్మలమడుగే, ఆ ఇంటి గోడలు కట్టింది ఆయనే. పాత బండకు పాత పద్ధతే సరి అని ఆయన, కోసిన బండకు పాత వీపు ఎక్కడిది అని నేను. కొడుకు ఇద్దరి ముఖాలూ చూశాడు. చివరికి ఓనరే తీర్పు చెప్పాడు. షాపు వెనక ప్రహరీకి కోసిన బండ ముక్కలు రెండు అతికిద్దాం, ఒకటి సిమెంటుతో, ఒకటి గమ్ముతో. బాగా ఆరనిచ్చి, అందరి ముందూ పీకి చూద్దాం. ఏది గట్టిదైతే అది.

ఆ మాటతో అందరికీ ఉత్సాహం వచ్చింది. నాకైతే పరీక్ష రాయబోతున్నట్టు ఉండింది. రెండు ముక్కలూ మేస్త్రీ చేతే అతికించాను, తర్వాత వంక పెట్టకుండా. గమ్ము ముక్కకు మాత్రం పళ్ళున్న తాపీతో గోడకూ రాయి వీపుకూ దువ్వించాను.

పీకే రోజు షాపు వెనక చిన్న పంచాయితీ లాగే జరిగింది. ఓనరు టీలు తెప్పించాడు. పక్క అంగడి వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. తల్లీ కొడుకూ జమ్మలమడుగు బస్సులో వచ్చారు. ఆమెకు కుర్చీ వేశాం. గడ్డపార మేస్త్రీయే తీసుకున్నాడు. నా పని నేనే పీకుతా అన్నాడు.

సిమెంటు ముక్క అంచున గడ్డపార మొన దూర్చి రెండు సార్లు ఒత్తాడు. బండ మొత్తంగా, ఒక్క అంచు కూడా చెదరకుండా, వదిలి కింద పరిచిన గోతాల మీద పడింది. గోడ మీద సిమెంటు పొర చక్కగా అలాగే ఉంది, రాయి ఆకారంలో. తర్వాత గమ్ము ముక్క. మొన దూరలేదు. సుత్తి తెచ్చి ఉలితో కొట్టాడు. మూల విరిగింది. ఇంకోచోట కొట్టాడు, అక్కడా విరిగింది. చెమటలు పట్టాయి. చివరికి రాయి పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది గానీ, గోడకు అతుక్కున్న పొర మాత్రం అక్కడే ఉంది.

మేస్త్రీ సుత్తి కింద పెట్టి గడ్డం దులుపుకున్నాడు. "ఒప్పుకుంటాండా ఇంజినీరమ్మా," అన్నాడు. "ఇది రాయిని సంపుతాది గానీ ఇడ్సదు."

అందరూ నవ్వారు. ఓనరు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. ఆ క్షణంలో నా ముఖం ఎలా ఉండిందో ఊహించుకోగలను.

ఆమె కుర్చీలోంచి లేచింది. మేము అంతా గమ్ము ముక్క దగ్గరుంటే, ఆమె గోతాల మీద పడి ఉన్న సిమెంటు ముక్క దగ్గరికి పోయింది. వంగి దాన్ని రెండు చేతులా ఎత్తి, వీపుకంటిన బూడిదను కొంగుతో తుడిచి, ఇటూ అటూ తిప్పి చూసింది.

"పాపా," అంది నన్ను. "మళ్ళ తీయాలంటే ఇట్ల వచ్చేది ఏది?"

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదనడం కూడా సరి కాదు, మాట విన్నాను, దాని వెనక ఏముందో ఆలోచించలేదు. ఓనరు అందుకున్నాడు. "తీసేదానికి పెడతారా యెవురన్నా? నువ్వు శానా ముందుకు పోతాండావు పెద్దమ్మా," అన్నాడు. కొడుకు సిగ్గుపడి, ఊరకుండు మా అన్నాడు. మేస్త్రీ కూడా నవ్వాడు. నేను మాత్రం నవ్వలేదు, ఆమె చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పాను. ఆ సిమెంటుది ఊడిపోతుంది పెద్దమ్మా, మీకు పెట్టేది ఎప్పటికీ రాదు, మీరు నిశ్చింతగా ఉండండి అన్నాను.

ఆమె తల ఊపింది. ఆ ముక్కను గోడకు ఆనించి జాగ్రత్తగా నిలబెట్టి వచ్చింది.

ఎప్పటికీ రాదు అన్న నా మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. ఆమె ఏమి అడిగిందో నాకు తర్వాత తెలిసింది. మేము అందరం కట్టిన ఇల్లు కదలదని నమ్మేవాళ్ళం. ఆమె తన ఇంటిని తన చేతులతో ఊడదీసుకుని ట్రాక్టరుకు ఎక్కించిన మనిషి. ఏ దూలం మొత్తంగా వచ్చింది, ఏ ద్వారబంధం తీస్తుంటే చీలిపోయింది, ఏ బండ పగలకుండా లేచింది, అన్నీ చూసింది. ఇల్లు ఏదో ఒక రోజు తీయాల్సి వస్తుందని ఆమెకు తెలుసు. ఆ పరీక్షలో మేము అందరం ఒక ఫలితం చూశాం. అదే పరీక్షలో ఆమె ఇంకో ఫలితం చూసింది.

రాళ్ళు అతికించే పని నేను దగ్గరుండి చేయించాను. అంత బాగా ఇంకే పనీ చేయించలేదని చెప్పగలను. ప్లాస్టరింగు మీద సున్నం పొట్టు లేకుండా గీకించాను. దుమ్ము కడిగించాను. మేస్త్రీ అలవాటుగా రాళ్ళను డ్రమ్ములో వేయబోతే ఆపాను. ప్రతి రాయి వీపూ తడిగుడ్డతో తుడిపించి, గోడకూ రాయికీ రెండింటికీ గమ్ము దువ్వించాను. పులిజూదం రాయిని ద్వారం పక్కన పెట్టించుకుంది ఆమె, తన చెయ్యి అందేంత ఎత్తులో. ఇంకొంచెం పైన పెడితే అందంగా ఉంటుందన్నాను. "అందేదానికి పైన అయితాది," అంది. ఆ మాట కూడా నేను నవ్వుతూనే విన్నాను.

బాగా ఆరిన తర్వాత పోయి రూపాయి బిళ్ళతో మొత్తం గోడ తట్టాను. ఒక్కచోట డొల్ల మోగలేదు. ఫోటో తీసి షాపులో పెట్టాం. మేస్త్రీ ఆ తర్వాత గమ్ముకు భక్తుడైపోయాడు. నాకంటే ఆయనే ఎక్కువ అమ్మించేవాడు. కవర్ల మాట ఎత్తితే, "అప్పుడు తెల్దులే" అని తల తిప్పుకునేవాడు.

తర్వాత నాకు పెళ్ళయింది. ఉద్యోగం మానలేదు. కడుపుతో ఉన్నప్పుడు కూడా కొన్నాళ్ళు షాపుకు పోయాను, సైట్లకు మాత్రం తగ్గించాను. దుమ్ము, మెట్లు, పరంజాలు, అన్నిటికీ భయం పట్టుకుంది. అప్పటిదాకా భయం అంటే రాయి ఊడుతుందేమోనని మాత్రమే. అప్పటి నుంచి ఏ గోడ పక్కన నిలబడ్డా ఒక చెయ్యి పొట్ట మీదికి పోయేది.

ఒక మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. ఏదైనా అయితే పిలవమని నా నంబరు ఇచ్చి ఉన్నాను. గొంతు గుర్తుపట్టగానే నాకు తోచింది ఒకటే. "రాళ్ళు పడినాయా పెద్దమ్మా?" అన్నాను.

"పడలే పాపా. అదే ఇప్పుడు కష్టమొచ్చింది," అంది.

ఇల్లు అమ్మేశారట. కొడుకు పులివెందుల దగ్గర చీనీ తోట, అదే బత్తాయి తోట, తీసుకున్నాడు. రోజూ జమ్మలమడుగు నుంచి పోయి రావడం కుదరక, తోటలోనే ఇల్లు వేసుకున్నాడు. ఆమెకు ఇక్కడ ఒంటరిగా ఉండాలని లేదు, కొడుకు వెంట పోతోంది. సామాను అంతా పోయింది. అరుగు బండలు మాత్రం ఈ గోడకు ఉన్నాయి. ఇల్లు కొన్నాయన మంచివాడు, మీ రాళ్ళు మీరు తీసుకోండి, నేను గోడకు రంగు వేసుకుంటా అన్నాడట. వచ్చి తీసిపెట్టమని అడగడానికి ఫోన్ చేసింది.

ఓనరుకు చెప్పాను. ఆయనకు మొదట సంతోషం వేసింది. ఇన్నేండ్లకు కూడా ఊడలేదంటే మనకు పేరే కదమ్మా అన్నాడు. నా ముఖం చూసి ఆ మాట మింగి, మేస్త్రీని కూడా తీసుకుపో, నువ్వు మాత్రం దూరం నిలబడు అన్నాడు.

ఆ ఇంటికి పోయేసరికి కొన్నవాళ్ళు వచ్చి ఉన్నారు, భార్యాభర్తలు, ఇద్దరు చిన్న ఆడపిల్లలు. కొడుకు లగేజీ ఆటో తెచ్చి, అందులో గడ్డి పరిచి పెట్టుకున్నాడు, రాళ్ళు దెబ్బ తినకుండా. ఆ గడ్డి చూడగానే నాకు వచ్చిన దారినే వెనక్కి పోవాలనిపించింది.

మేస్త్రీ గోడ ముందు చాలాసేపు ఊరకే నిలబడ్డాడు. తన పని తనకు తెలియదా. పులిజూదం రాయి జోలికి పోకుండా, దూరంగా కింది మూలన ఉన్న రాయితో మొదలుపెట్టాడు. ఉలి మెల్లగా పెట్టి కొట్టాడు. రాయి అప్పడంలా చిట్లి, మూల విరిగి చేతిలోకి వచ్చింది. రెండో రాయికి గ్రైండరు పట్టాడు, సన్నటి బ్లేడుతో అతుకు మధ్యలోంచి కోసుకుంటూ వెనక్కి పోవాలని. దుమ్ము లేచింది. నన్ను వీధి అవతలికి పొమ్మని కేకేశాడు. కొంగు ముక్కుకు కట్టుకుని అక్కడ నిలబడి చూశాను. ఆ రాయి నడిమికి చీలింది. మూడోదానికి ముందు నీళ్ళు పట్టి తడిపాడు. అదీ అంతే. ప్లాస్టరింగుతో సహా లేపుదామని చూశాడు. ప్లాస్టరింగు ఇటుకను వదల్లేదు. ఆ గోడను గీకించి, కడిగించి, డొల్ల లేకుండా చూసుకున్నదాన్ని నేనే కదా. ఎక్కడైనా ఒక్క చోట పని చెడిపోయి ఉండకూడదా అని వెతుక్కున్నాను. దుమ్ము అణిగాక దగ్గరికి పోయి రూపాయి బిళ్ళ తీసి తట్టాను. ఎక్కడా మోగలేదు.

ఇంకొక్క దారి ఉందన్నాడు మేస్త్రీ. పులిజూదం రాయి చుట్టూ ఇటుకతో సహా కోసి, గోడ ముక్కనే బయటికి తీయడం. తర్వాత వెనక ఇటుకను మెల్లగా చెక్కుకోవచ్చు. ద్వారం పక్కనే కాబట్టి పైన ఆనింపు పెట్టుకోవాలి, గోడ మళ్ళీ పూడ్చి ఇవ్వాలి. అవుతుంది గానీ, గోడకు బొక్క పడుతుంది. కొన్నాయన భార్య వైపు చూశాడు. ఆమె పిల్లలను దగ్గరికి లాక్కుంది. కొడుకు, మళ్ళీ పూడ్చి ఇస్తాం అన్నా, రంగు కూడా నేనే వేయిస్తా అన్నాడు. ఆయన సరేనన్నట్టే తల ఊపాడు. మేస్త్రీ గ్రైండరుకు పెద్ద బ్లేడు బిగిస్తున్నాడు.

అప్పటిదాకా ఆటో దగ్గర కూర్చుని ఉన్న ఆమె లేచి వచ్చింది.

"వద్దు," అంది.

ఊరకుండు మా, అవుతాదంటాండాడు గదా అన్నాడు కొడుకు.

"వాళ్ళ ఇల్లు అది. కాపురానికి రాకముందే పగలగొడతారా?" అంది. కొడుకు ఇంకేదో అనబోతే, "ఇల్లు పగలగొడతాంటే ఎట్లుంటాదో నాకు తెలుసు. ఈ పిల్లోళ్ళ ముందర ఆ పని సేయొద్దు," అంది.

మేస్త్రీ బ్లేడు విప్పేశాడు. ఆమె గోడ దగ్గరికి పోయి పులిజూదం రాయి మీద చెయ్యి పెట్టింది. చెయ్యి అందేంత ఎత్తులోనే ఉంది అది. పైనుంచి కిందికి ఒక గీత వెంట వేలు పోనిచ్చి, తీసేసింది. కొన్నవాళ్ళ పిల్లల్లో పెద్దది అది ఏందవ్వా అని అడిగింది. ఆటలే అని చెప్పింది. నేర్పించలేదు.

పోయేముందు విరిగిన ముక్కలన్నీ ఆటోలో వేయించింది. ఎందుకు మా ఇవి అని కొడుకు విసుక్కున్నాడు. "బోరు కాడ కాళ్ళు కడుక్కునేకాడ పరుసుకుంటా. ఆడ అంతా బురద," అంది. గడ్డి మీద ఆ ముక్కలను సర్ది, నా దగ్గరికి వచ్చి, ఎన్నో నెల, వాంతులు తగ్గినాయా అని అడిగింది. ఎండలో తిరగొద్దు అని చెప్పింది. నేను ఏదో అనబోయాను. "నువ్వేం సేస్తావులే పాపా, గట్టిగా ఉండాలని సేసినావు," అంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మేస్త్రీ నా వెనక సీటులో కూర్చున్నాడు. ప్రొద్దుటూరు దాకా రావాల్సిన పని ఆయనకు లేదు. నన్ను ఒంటరిగా పంపడం ఇష్టం లేక ఎక్కాడు. దారిలో ఒకే ఒక్క మాట అన్నాడు. "ఆ ఒక్క రాయికి నాలుగు కొక్కేలు పెట్టుంటే సాలు గదా ఇంజినీరమ్మా."

అవును. రాయి అంచులకు ఇత్తడి కొక్కేలు కొట్టి స్క్రూలతో బిగిస్తే సరిపోయేది. గమ్మూ వద్దు, సిమెంటూ వద్దు. తీయాలంటే స్క్రూ విప్పుకోవడమే. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. చదువుకున్నదే, చూసిందే. రెండింటిలో ఏది గట్టిది అన్న పందెంలో మూడోది ఎవరికీ గుర్తు రాలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు అందామంటే, ఆమె అడిగింది. అందరి ముందూ అడిగింది.

అందుకే మీకు చెబుతున్నాను. గోడ దిక్కు చూడండి, రాయి వీపు చూడండి, అన్నీ చూడండి. కానీ దానికి ముందు, ఆ రాయి ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిందైతే గమ్ము పెట్టండి, నిశ్చింతగా పడుకోండి. ఇంటి నుంచి వచ్చిందైతే ఆగండి. మళ్ళీ తీయాలా అని వాళ్ళు అడగకపోయినా, మీరే అడగండి. నవ్వితే నవ్వనీయండి.

పాప పుట్టాక నేను షాపుకు తిరిగి పోలేదు. కొన్నాళ్ళ కిందట మేస్త్రీ పాపను చూడ్డానికి వచ్చి ఒక సంగతి చెప్పాడు. పులివెందుల వైపు పనికి పోయినప్పుడు, దారిలో ఆ తోట దగ్గర ఆగి, బోరు గది ముందు బండ మీద పులిజూదం చెక్కి వచ్చాడట. ఎవరూ అడగలేదు, తానే చెక్కాడు. ఫోన్లో ఫోటో చూపించాడు. పక్కనే, బురదలో, విరిగిన నాపముక్కలు కూడా కనపడ్డాయి.

ఆ సాయంత్రమే ఆమెకు ఫోన్ చేశాను. గీతలు బాగా కుదిరాయా పెద్దమ్మా అన్నాను.

"మేస్త్రీ గీత గదా, నూలు పట్టినట్టుండాది," అంది. "ఆయప్పవి వంకరగా ఉన్నె."

"ఆడుతున్నారా?"

"ఎవురితో?"

ఆమే మళ్ళీ అంది. "కొడుక్కు తీరిక ల్యా. కోడలికి రాదు. నువ్వు బిడ్డనెత్తుకొని రా. నేర్పిస్తా. పులులు నువ్వు తీసుకో."

వస్తానన్నాను. మా ఇంటి నుంచి పులివెందుల బస్సు ఎక్కితే తోట దారిలోనే తగులుతుంది, డ్రైవరుకు చెబితే గేటు దగ్గరే ఆపుతాడు. పోయేలోగా కొంత నేర్చుకుందామని మా హాల్లో సుద్దముక్కతో గీతలు గీశాను. చింతగింజలు పెడితే పాప నోట్లో పెట్టుకుంటుందని భయం వేసి తీసేశాను. పెద్ద సీసా మూతలు పెట్టాను. నా అంతట నేనే రెండు వైపులా ఆడాను. పులులకు దూకడం తప్ప ఏమీ తెలియదు, వాళ్ళాయన గురించి ఆమె అన్నట్టే.

మొదటి ఆదివారం పాపకు జలుబు. తర్వాతి ఆదివారం బస్సులు రద్దీగా ఉన్నాయన్నారు. ఆ తర్వాత టీకా వేయించాం, ఒళ్ళు వెచ్చగా ఉంది. తోటలో పాములు ఉంటాయేమో, బోరు నీళ్ళు పాపకు పడతాయో లేదో, అన్నీ నాకు కనపడతాయి. నిన్న మళ్ళీ ఫోన్ చేసి, ఎండ తగ్గగానే వస్తాను పెద్దమ్మా అన్నాను.

"సరేలే," అంది ఆమె. మా జిల్లాలో ఎండ తగ్గడమంటే ఏమిటో నాకంటే ఆమెకే బాగా తెలుసు.